జాగ్రత్త: ‘ఫుల్ కిట్’ కండెన్సర్ మైక్ కొనబోతున్నారా?

ఇంట్లో పాటలు పాడుకోవడానికో, కథలు చదివి రికార్డు చేయడానికో తక్కువ ధరలో కండెన్సర్ మైక్ (పల్చటి పొర మీది విద్యుత్ చార్జితో శబ్దాన్ని పట్టే సున్నితమైన మైక్) వెతుకుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మైక్, ఆర్మ్ స్టాండ్, షాక్ మౌంట్, పాప్ ఫిల్టర్, స్పాంజి తొడుగు, కేబుల్, ఫాంటమ్ పవర్ డబ్బా (కేబుల్ ద్వారానే మైక్‌కు కరెంటు ఇచ్చేది) అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతుంటారు చూశారా, మంచి మైక్ ఒక్కటి కొనే డబ్బులో ఏ పావు వంతుకో వచ్చేస్తుంది. దాని జోలికి పోకండి. నేను తెప్పించుకుని, సెల్లర్‌తో నానా తంటాలు పడి వెనక్కి పంపాను. బ్రాండు పేరు రాయడం లేదు. రాసినా మీకు ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే ఇదే సరుకు రకరకాల పేర్ల మీద తిరుగుతుంటుంది. పేరు కంటే ఆనవాళ్ళు తెలిస్తే మేలు.

పేజీలో ‘లార్జ్ డయాఫ్రమ్ స్టూడియో కండెన్సర్’ అని ఉంది. చేతికొచ్చిన మైక్ కూడా చూడ్డానికి ఘనంగానే ఉంది, లోహపు ఒళ్ళు, బంగారు రంగు జాలీ, మంచి బరువు. జాలీలోంచి ఫోన్ టార్చి వేసి చూశాను. నిజమైన లార్జ్ డయాఫ్రమ్ (శబ్దానికి కంపించే పొర పెద్దగా ఉన్న) మైక్‌లో అయితే ఇంచుమించు అంగుళం వెడల్పున పల్చటి పొర బిగించిన గుండ్రటి క్యాప్సూల్ కనిపించాలి, ఆ పొర మీద సాధారణంగా బంగారు పూత ఉంటుంది. ఇందులో ప్లాస్టిక్ దిమ్మె మీద చొక్కా గుండీ అంత నల్లటి బిళ్ళ ఒకటి అతికించి ఉంది. మిగతా ఒళ్ళంతా ఖాళీ. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఆ బిళ్ళను ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ అంటారు. ఎలెక్ట్రెట్ అనగానే నాసిరకం అనుకోకండి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ తయారుచేసిన పద్ధతి అది. డయాఫ్రమ్‌కు కావాల్సిన చార్జిని బయటినుంచి ఇవ్వకుండా పదార్థంలోనే శాశ్వతంగా నింపేస్తారు. చాలామంది మొదటి మైక్‌గా కొనే ఆడియో-టెక్నికా ఏటీ2020 కూడా శాశ్వత చార్జి ఉన్నదే, శుభ్రంగా పనిచేస్తుంది. ఇక్కడ మోసం సైజు దగ్గర, లోపలి సర్క్యూట్ దగ్గర ఉంది. చిన్న బిళ్ళ పట్టే సిగ్నల్ తక్కువ. దాన్ని పెంచే సర్క్యూట్ చవకబారుదైతే సిగ్నల్‌తో పాటు దాని సొంత బుస కూడా పెరుగుతుంది.

బుస అంటే ఎంత? ఏమీ మాట్లాడకుండా గదిలో అన్నీ ఆపేసి రికార్డు చేస్తే, హెడ్‌ఫోన్లో స్టేషన్ తప్పిన రేడియోలా ‘సుయ్య్’మని వినిపిస్తూనే ఉంది. పాట గట్టిగా పాడుతున్నంతసేపూ అంతగా తెలియదు. కథ చదువుతుంటే మాత్రం వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగిన ప్రతిచోటా పైకి తేలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ పెట్టి తీసేస్తే పోలేదా అంటారు. తీశాను. బుసతో పాటు స, శ, ష మూడూ అరిగిపోయి ఒకేలా వినిపించాయి, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టయింది. ఆ అక్షరాల బలమంతా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, బుస కూడా అక్కడే కూర్చుంటుంది. ఒకదాన్ని గీకితే రెండోది కూడా లేచిపోతుంది.

ఇక కేబుల్. ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్‌లకు వాడే మూడు పిన్నుల గుండ్రటి కనెక్టర్), రెండో చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను. కిట్ ఫొటోలో ఈ కేబుల్ కనిపించిందంటే చాలు, అక్కడే ఆగిపోండి. కంప్యూటర్ మైక్ సాకెట్ ఇచ్చేది కొద్ది వోల్టులే. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అక్కడ దొరకదు. పైగా ఎక్స్‌ఎల్‌ఆర్‌తో వచ్చే బ్యాలెన్స్‌డ్ లాభం (బయటి గుర్రును రద్దుచేసే గుణం) కూడా పోతుంది, దారిలో ఉన్న ఛార్జర్ల గుర్రు శబ్దమంతా కేబుల్‌లోకి వచ్చి చేరుతుంది. నేను మామూలు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వేసి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు) కలిపి కూడా చూశాను. గుర్రు పోయింది, బుస అలాగే ఉంది. అంటే అది మైక్‌లోంచే పుడుతోంది.

పెట్టెలో వచ్చిన ఫాంటమ్ డబ్బా సంగతి ఇంకో కథ. దాని మీద 48 వోల్టులని ముద్రించి ఉంది. మీ దగ్గర మల్టీమీటర్ ఉంటే మైక్ తగిలించకముందే కొలవండి: ఎక్స్‌ఎల్‌ఆర్ 1వ పిన్నుకూ 2వ పిన్నుకూ మధ్య, మళ్ళీ 1కీ 3కీ మధ్య. రెండుచోట్లా 44 నుంచి 52 లోపు రావాలి. కొలిచేటప్పుడు పిన్నులు ఒకదానికొకటి తగలనీయకండి. నాకు వచ్చిన డబ్బాలో మీటరు 44కు చాలా కిందే ఆగిపోయింది. సరైన మైక్ కొని ఇలాంటి డబ్బాకు కలిపితే, పాపం మైక్‌ను తిట్టుకుంటారు.

‘కార్డియాయిడ్’ (ముందునుంచి వచ్చే శబ్దాన్నే బాగా పట్టేది) అన్న మాట కూడా నమ్మక్కర్లేదు, పరీక్షించండి. మైక్ ముందు నిలబడి మాట్లాడి, అంతే దూరంలో వెనకవైపుకు వెళ్ళి అదే గొంతుతో మాట్లాడండి. కార్డియాయిడ్ అయితే వెనక గొంతు బాగా తగ్గాలి. నాది రెండువైపులా దాదాపు ఒకేలా వినిపించింది.

అన్నిటికంటే పనికొచ్చేది ఒక చిన్న తీసివేత లెక్క. మైక్ సిగ్నల్ టు నాయిస్ అంకెను (బుస కంటే అసలు శబ్దం ఎంత పైన ఉందో చెప్పేది) 94 డెసిబెల్ స్థాయి శబ్దంతో పోల్చి చెబుతారు. 94లోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేది సెల్ఫ్ నాయిస్, అంటే మైక్ సొంత బుస. ఏటీ2020కి కంపెనీ ఇచ్చిన సిగ్నల్ టు నాయిస్ 74, అంటే బుస 20. రోడ్ (Rode) అనే కంపెనీ చేసే ఎన్‌టీ1-ఏకి అయితే బుస 5 మాత్రమే. 20 వరకు మాట రికార్డింగుకు నిశ్చింతగా వాడుకోవచ్చు, మెల్లగా చదివేవాళ్ళకు ఇంకా తక్కువుంటే హాయి. నేను కొన్న కిట్ పేజీలో 78 అని ఉంది. ఆ లెక్కన బుస 16 ఉండాలి. పెట్టె అడుగున అంటించిన చీటీలో 60 అని ఉంది, అంటే 34! ఒకే మైక్‌కు రెండు అంకెలు. నా రిటర్న్‌ను చివరికి గట్టెక్కించింది ఆ చీటీయే.

గట్టెక్కించింది అన్నాను గానీ సెల్లర్ తేలిగ్గా ఒప్పుకోలేదు. మొదట ‘మీ గదిలో శబ్దం ఉంది’ అన్నాడు. స్నేహితుడి ఏటీ2020 తెచ్చి అదే గదిలో, అదే ఇంటర్‌ఫేస్ మీద, గొంతు రెండింటిలో సమానంగా వచ్చేలా గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) సరిచేసి రికార్డు చేసి పంపాను. తర్వాత ‘స్పాంజి కవరు చింపేశారు, వెనక్కి తీసుకోం’ అన్నాడు. ఆ తర్వాత ‘సగం డబ్బు ఇస్తాం, మైక్ ఉంచుకోండి, రివ్యూ మాత్రం తీసేయండి’ దాకా వచ్చాడు. ఒప్పుకోకుండా పేజీ ఫొటో, చీటీ ఫొటో పక్కపక్కన పెట్టి ‘చెప్పిన వస్తువు పంపలేదు’ అని సైట్‌కు ఫిర్యాదు పెడితే మొత్తం తిరిగి వచ్చింది. పెట్టె తెరుస్తున్నప్పుడు వీడియో తీసి ఉంచడం కూడా కలిసొచ్చింది. ‘సౌండ్ నచ్చలేదు’ అని ఫిర్యాదు పెడితే అది మీ అభిరుచి అని తోసేస్తారు. అంకెలు పట్టుకోండి.

ఐదు చుక్కల రివ్యూలు చూసి మోసపోకండి. ఎక్కువ భాగం ‘ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది’ అని పార్సిల్ దిగిన రోజే రాసినవి. వీడియో రివ్యూల్లో కూడా వెనక సంగీతం మోగుతుంటే బుస ఎలా తెలుస్తుంది? మధ్యలో ఎక్కడైనా పూర్తి మౌనం ఉన్న రివ్యూ వెతకండి. యూఎస్‌బీ రకాల్లో ‘192 కిలోహెర్ట్జ్, 24 బిట్’ అని పెద్దక్షరాల్లో వేస్తారు, అది కూడా ఎరే. చెవికి వినిపించేది 20 కిలోహెర్ట్జ్ వరకే, సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచే 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగే దానికి సరిపోతుంది. మైకే బుసకొడుతుంటే మిగతా బిట్లలో ఆ బుసనే మరింత వివరంగా దాచుకుంటాం.

మరి ఏం కొనాలి అంటే, నా మటుకు నేను కిట్ మాట వదిలేసి పేరున్న కంపెనీ మైక్ ఒక్కటే, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, తీసుకోమంటాను. స్టాండు ఏదైనా పర్వాలేదు. ఇంటర్‌ఫేస్‌కు డబ్బు లేకపోతే అలాంటి కంపెనీలే చేసే యూఎస్‌బీ మైక్ చూడండి. ఫ్యాను ఆపలేని గది, పక్కన రోడ్డు చప్పుడు ఉంటే ఫాంటమ్ పవర్ అక్కర్లేని డైనమిక్ మైక్‌ను నోటికి దగ్గరగా పెట్టుకోవడం కూడా మంచి దారే. అయితే అక్కడ పనిచేసేది మైక్ రకం కంటే దూరం, సగం దూరానికి జరిగితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అలాంటి డైనమిక్ మైకే అయిన షూర్ ఎస్ఎం58 తీసుకునేవాళ్ళు మాత్రం అధీకృత డీలరు దగ్గరే తీసుకోండి, దానికి నకిలీలు కొల్లలు.

ఇప్పటికే ఏదో కిట్ కార్టులో పెట్టి ఉంటే, డబ్బు కట్టకముందు సెల్లర్‌ను ఒకే ప్రశ్న అడగండి: ‘సెల్ఫ్ నాయిస్ ఎంత, పెట్టె మీద ఏ అంకె రాసుంది?’ అంకె చెబితే ఆ సమాధానాన్ని ఫొటో తీసి దాచుకోండి. ‘బెస్ట్ క్వాలిటీ సర్’ అని వస్తే ఆ పేజీ మూసేయండి.