ఏటికి ఈ గట్టా ఆ గట్టా: కృష్ణలంక, ఉండవల్లి

బెజవాడలో ఏటి పక్కన ఇల్లు చూసుకోవాలి, ఎక్కడ బాగుంటుందన్నయ్యా అని మా తమ్ముడు అడిగాడు, రెండు చోట్లా అద్దెకున్నా కాబట్టి చెప్తున్నా.

కృష్ణలంక నుంచి బస్టాండ్ దగ్గర, పాల ప్యాకెట్ నుంచి రాత్రి ఇడ్లీ బండి దాకా అన్నీ సందు చివరే. కానీ ప్రకాశం బ్యారేజీకి దిగువన కదా, ఎండాకాలం ఏరంటే ఇసుక మేటలే, వానాకాలం గుండె గుబగుబ. 2024 సెప్టెంబర్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు రిటైనింగ్ వాల్ లేకపోతే మా వీధి మునిగిపోయేదే, ఆ రాత్రి అమ్మ బియ్యం డబ్బా అటక మీద పెట్టి తెల్లార్లూ గుమ్మంలోనే కూర్చుంది.

ఉండవల్లి ఎగువన, అక్కడ నీళ్లు నిండుగా కనిపిస్తాయి. గుహల మెట్లెక్కి పైనుంచి చూస్తే అరటి తోటలు, వాటి వెనక ఏరు, సాయంత్రం ఆ గాలికి ప్రాణం లేచొస్తుంది. కొండవీటి వాగు పొంగితే పొలాలకి ఇబ్బందే, 2018లో ఆ నీళ్లు ఏట్లోకి తోడిపోసే లిఫ్ట్ పెట్టారు. ఊళ్లోకి రావాలంటే మాత్రం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో పడాల్సిందే.

రోజూ సిటీలో పనుంటే కృష్ణలంకే రా తమ్ముడూ, అమ్మానాన్నల్ని తెచ్చుకుంటానంటే మాత్రం ఉండవల్లి.