చెరువు గట్టు మీది ఎలక్ట్రానిక్ బోర్డుకు ఎంజీ కెమికల్స్ 419డి పూత: ఒక వానాకాలం వాడాక

మా బాబాయ్‌కి భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) టైముకి ఆన్ అయ్యేలా, కరెంటు పోయి వస్తే వాటంతటవే మళ్లీ తిరిగేలా ప్రోగ్రామ్ రాసి నడిపే ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్3231 గడియారం మాడ్యూలు, స్విచ్‌లా పనిచేసే రిలేలు పెట్టి ఒక కంట్రోలర్ నేనే కట్టాను. మొదటిది రెండు నెలలు కూడా నిలవలేదు. పెట్టె విప్పితే గడియారం మాడ్యూలు కాళ్ల చుట్టూ పచ్చగా చిలుము. రాత్రి ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య దక్కదు. బోర్డు పాడైన రాత్రి బాబాయ్ మెలకువగా ఉండి చేత్తో స్విచ్ వేశాడు కాబట్టి సరిపోయింది. అందుకే రెండో బోర్డుకి ఎంజీ కెమికల్స్ 419డి కొన్నాను. ఇది బోర్డుకి వేసే యాక్రిలిక్ పూత, నేను తీసుకున్నది స్ప్రే డబ్బా.

ముందే చెప్తున్నా, ఇది చెమ్మని ఆపుతుంది కానీ బోర్డుని నీళ్లలో ముంచితే కాపాడదు. త్రీఫేజ్ వైర్లకి ఇన్సులేషన్‌లా అసలు వాడకండి, మోటార్లని ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్‌ని, అంటే కాంటాక్టర్‌ని వేరే పెట్టెలోనే పెట్టండి.

స్ప్రే కంటే ముందు చేసే పనే అసలు పని. సోల్డరింగ్ తర్వాత బోర్డు మీద మిగిలే ఫ్లక్స్ జిడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు మీదే పూత వేస్తే ఉప్పుని, తడిని లోపల పెట్టి మూత వేసినట్టే, చిలుము పూత కిందే మొదలవుతుంది. యూఎస్‌బీ పోర్టు, బటన్లు, స్క్రూ టెర్మినళ్లు, గడియారంలో బిళ్ల బ్యాటరీ కూర్చునే చోటు, వీటన్నిటికీ పూత పడకుండా కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే టేపు) అంటించండి. నేను బ్యాటరీ చోటు మర్చిపోయాను, కాంటాక్టు మీద పూత పడి కరెంటు పోయినప్పుడల్లా టైము తప్పేది, గీకి తీశాక గానీ బాగుపడలేదు.

పూత ఒకేసారి మందంగా కాకుండా పల్చగా రెండు మూడు సార్లు, ప్రతిసారీ బోర్డుని తిప్పుతూ వేయాలి. ఈ డబ్బాలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, చీకటి గదిలో యూవీ టార్చ్ వేస్తే పూత పడిన చోటల్లా మెరుస్తుంది, పడని చోటు నల్లగా ఉండిపోతుంది. చిప్ కాళ్ల వెనక నేను వదిలేసిన రెండు చోట్లు అలాగే దొరికాయి. ఒక రోజంతా ఆరనిచ్చాకే పెట్టెలో పెట్టాను. తర్వాత ఒక రిలే మార్చాల్సి వస్తే పూత మీదే సోల్డరింగ్ ఐరన్ పెట్టాను, కరిగిపోయింది, కానీ పొగ పీల్చకండి, కిటికీ తీసి చేయండి. వాసన ఘాటుగా ఉంటుంది, చిన్న బోర్డుకి సగం స్ప్రే గాల్లోకే పోతుంది, ఈ రెండే దీనికి ఇబ్బందులు.

నెయిల్ పాలిష్ చాలదా అని అడుగుతారు. ఎండకి పెళుసెక్కి పగులుతుంది, పైగా మంటని పట్టుకునే పదార్థం. హాట్ గ్లూ కూడా వేడికి అంచుల దగ్గర లేచిపోతుంది, ఆ సందులోకి తడి చేరి అక్కడే ఉండిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అయితే రాగిని తినేస్తుంది, కావాలంటే న్యూట్రల్ రకం తీసుకోండి.

వైరింగ్ సంగతి కూడా చూసుకోండి, ఎందుకంటే పెట్టెలోకి నీళ్లు ఎక్కువగా వైర్ల వెంటే దిగుతాయి. తగరం పూత ఉన్న రాగి వైరు వాడండి, వైర్లన్నీ గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే బిగింపు) ద్వారా పెట్టె అడుగు నుంచే లోపలికి రావాలి, బయట వైరుని కిందికి ఒక వంపు తిప్పి వదిలితే వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. దుమ్ము, నీటి జల్లు లోపలికి రాని ఐపీ65 రకం పెట్టె అయినా పగటి వేడికి, రాత్రి చలికి గాలి లోపలికీ బయటికీ వెళ్తూనే ఉంటుంది, అందుకే లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, పంట తీసిన ప్రతిసారీ మారుస్తున్నాం.

వానాకాలం అయ్యాక విప్పి చూశాను, సోల్డర్ చుక్కలు ఇంకా మెరుస్తున్నాయి. పూత లేని ఒక స్క్రూ టెర్మినల్ మీద మాత్రం చిలుము వచ్చింది, దాన్ని మార్చేశాను. మా పక్క చెరువు రైతుకి కూడా ఇదే డబ్బాతో ఇంకో బోర్డు చేస్తున్నాను.