మూలభాషల్లో బైబిలు పఠనం: విశాఖలోని ఒక శనివారపు తరగతి

విశాఖపట్నం ఆశీల్‌మెట్ట ప్రాంతంలోని ఒక మందిరం హాలులో, హెబ్రీ, గ్రీకు పదాల ఆధారంగా బైబిలు చదవడం నేర్పే తరగతి శనివారం సాయంత్రాల్లో జరుగుతోంది. వేదాంత కళాశాలకు వెళ్లే వీలులేని సామాన్య విశ్వాసుల కోసం పెట్టిన తరగతి ఇది. రుసుము లేదు, జిరాక్సు ఖర్చు మాత్రం ఎవరిది వారే పెట్టుకోవాలి. ఇటీవల ముగిసిన విడతకు హాజరయ్యాను కనుక, చేరాలనుకునేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

నిఘంటువులోని ఒక అర్థాన్ని ఎత్తిచూపి, మూలభాషలో అసలు సంగతి ఇదేనంటూ దాని మీదే ప్రసంగమంతా నిలబెట్టడం మన సంఘాల్లో మామూలైపోయింది. ఆ అలవాటును గౌరవంగానే అయినా గట్టిగా ప్రశ్నించడం ఈ తరగతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది.

యోహాను సువార్త 21వ అధ్యాయం చెప్పిన తీరే ఇందుకు నిదర్శనం. "నన్ను ప్రేమించుచున్నావా" అని యేసు పేతురును అడిగిన మొదటి రెండు ప్రశ్నల్లో గ్రీకు క్రియ ఆగాపావో, మూడవ దానిలో ఫిలేయో. పేతురు మూడుసార్లూ ఫిలేయోతోనే జవాబిస్తాడు. ఆగాపావో అంటే దైవప్రేమ, ఫిలేయో అంటే వట్టి స్నేహం అన్న వివరణ మనలో చాలామంది విన్నదే. బోధకులు దానిని వెంటనే ఖండించకుండా, అదే సువార్తలోని 3:35, 5:20 వచనాలను పక్కపక్కనే రాయించారు. తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడన్న ఒకే సంగతికి మొదటి చోట ఆగాపావో, రెండవ చోట ఫిలేయో ఉన్నాయి. ఆ తరువాత 2 తిమోతి 4:10 తీయించారు. దేమా ఇహలోకమును "స్నేహించి" వెళ్లిపోయాడని మన తెలుగు బైబిలు చెప్పే ఆ చోట గ్రీకులో ఉన్నది ఆగాపావోయే. నా పక్కన కూర్చున్న పెద్దాయన తన పాత ప్రసంగపు నోట్సు తీసి, అక్కడికక్కడే ఒక పేరా కొట్టేశారు.

హెబ్రీ పాఠాలూ ఇంతే శ్రద్ధగా సాగాయి. 136వ కీర్తనలో 26 సార్లు "కృప"గా వచ్చే హెసెద్, రూతు 1:8లో దయగా, హోషేయ 6:6లో కనికరముగా ఎలా కనిపిస్తుందో మాచేతనే వెతికించారు.

లోపాలు లేకపోలేదు. వెతుకులాటంతా 1890లో వెలువడిన స్ట్రాంగ్స్ కాన్కార్డెన్సు అంకెల మీద నడుస్తుంది; ఒక్కో హెబ్రీ, గ్రీకు పదానికి ఒక్కో అంకె ఇచ్చిన పదసూచిక అది. ఆ గ్రంథం 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలును అనుసరించినది. తెలుగు వచనం నుంచి ఇంగ్లీషుకు, అక్కడి నుంచి అంకెకు, అంకె నుంచి గ్రీకుకు వెళ్లవలసి రావడంతో, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు, ముఖ్యంగా స్త్రీల సమాజం నుంచి వచ్చిన అమ్మలు, చాలా ఇబ్బంది పడ్డారు. ముఖ్యమైన పదాలకైనా తెలుగులో ఒక పట్టిక ఇచ్చి ఉండవలసింది. గ్రీకు క్రియల కాలాలను ఒక్క సాయంత్రంలో ముగించడం మరో లోటు. పదం తెలిసినంత మాత్రాన వాక్యం తెలియదని అంతగా చెప్పినవారు వ్యాకరణానికి ఇంకాస్త సమయం ఇవ్వాలి.

ఇంకొక కొరత నాకు బాధ కలిగించింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో దిగినది ఈ ఊరిలోనే. ఆనందరాయరు సహాయంతో ఇక్కడ తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. విశాఖలో ఈ పాఠం చెబుతూ ఆ అనువాదకుల ఊసే ఎత్తకపోవడం సరికాదు.

అయినా ప్రసంగాలు చేసేవారికి, సండే స్కూలు ఉపాధ్యాయులకు ఈ తరగతిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. చేరేముందు హెబ్రీ, గ్రీకు అక్షరమాలలు గుర్తుపట్టడం నేర్చుకుని వెళ్లండి; కేంబ్రిడ్జిలోని బైబిలు పరిశోధన కేంద్రం టిండేల్ హౌస్ ఉచితంగా అందించే, మూలభాషా పదాలను చూపే స్టెప్ బైబిల్ వెబ్‌సైటును ఫోనులో ముందే తెరిచి చూసుకుంటే మొదటి వారాల తడబాటు చాలావరకు తప్పుతుంది.