బెంగళూరులో ఐస్ స్కేటింగ్: రింక్ సరే, బూటు సంగతేంటి?

వేసవి సెలవుల్లో పిల్లలను ఐస్ స్కేటింగ్‌కి తీసుకెళ్లాలంటే మా అనంతపురం వాళ్లకు దగ్గర బెంగళూరే. కాచిగూడ నుంచి యశ్వంతపుర వెళ్లే వందే భారత్ మా ఊళ్లో ఆగుతుంది. దిగిన చోటే గ్రీన్ లైన్ మెట్రో దొరుకుతుంది, మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారితే వైట్‌ఫీల్డ్ దాకా ట్రాఫిక్ గొడవ లేదు. బస్సు చవకే గానీ, హెబ్బాళ దాటేసరికి ఓపిక హరించుకుపోతుంది.

బస విషయంలో ఒక్క మాట. మెజెస్టిక్ చుట్టుపక్కల లాడ్జీలు అద్దెకు తక్కువ, మెట్రోకు దగ్గర. కానీ మాకు దొరికిన దాంట్లో లిఫ్ట్ లేదు, గది పైఅంతస్తులో. స్కేటింగ్ చేసి వచ్చిన రాత్రి ఆ మెట్లు ఎక్కుతుంటే పిక్కలు పట్టేశాయి. మర్నాడే కుందలహళ్లి మెట్రో దగ్గర సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. అద్దె ఎక్కువైనా లిఫ్ట్ ఉంది, వేణ్నీళ్లున్నాయి, మారతహళ్లి వైపు వెళ్తే పప్పు, గోంగూరతో మన భోజనం దొరుకుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు నా ఓటు దీనికే.

రింక్‌కి, అంటే స్కేటింగ్ చేసే చోటికి, బయల్దేరే ముందు ఫోన్ చేసి ఒకటి అడగండి: నిజమైన ఐసా, ప్లాస్టిక్ పలకలా? పలకలైతే రాపిడి ఎక్కువ, బూటు కింది బ్లేడు పదును తొందరగా పోతుంది, జారడం కూడా అంత హాయిగా ఉండదు. నిజమైన ఐస్ ఉన్న రెండు చోట్లకు మేం వెళ్లాం.

మొదటిది ఒక మాల్‌లో. లైట్లు, పాటలు, నున్నటి ఐస్, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కౌంటర్లో మాత్రం మా అమ్మాయి కాలు వైపు చూడకుండానే సైజు అడిగి, ఒక సైజు పెద్ద ప్లాస్టిక్ బూట్లు చేతికిచ్చారు. "ఫ్రీగా ఉంటుంది మేడమ్" అట. రెండు బకిల్స్ బిగించినా లోపల మడమ పైకీ కిందకీ ఆడుతోంది. ఐస్ మీదకెళ్లాక చీలమండలు లోపలికి వాలిపోయి, పాపం పిల్ల గోడ వదల్లేదు. మార్చమంటే సెషన్ మొదలయ్యాక కుదరదన్నారు. డబ్బు పోతే పోయింది, "నాకు స్కేటింగ్ రాదమ్మా" అని అది ఏడుపు మొహం పెట్టడమే బాధనిపించింది. స్కూల్లో నాలుగు చక్రాల స్కేట్ల మీద గాల్లో తేలినట్టు తిరిగే పిల్ల అది!

రెండోది చిన్నది, ఐస్ మీద గీతలు కూడా ఎక్కువే. అయినా మళ్లీ వెళ్తే నేను అక్కడికే వెళ్తాను. బూట్లిచ్చే కుర్రాడిది మదనపల్లె. "రోజూ వేసుకునే సైజు పక్కన పెట్టక్కా" అంటూ మోకాళ్ల మీద కూర్చుని, బూటు లోపలి అట్ట బయటికి తీసి, దాని మీద మా అమ్మాయిని నిలబెట్టాడు. మడమ వెనక అంచుకు ఆనిస్తే వేళ్ల ముందు కొంచెమే జాగా మిగలాలట. తర్వాత మందం సాక్స్ విప్పించి పల్చటివి వేయించాడు. చలికి మందంవే మంచివనుకుంటాం గానీ, అవి బూట్లో మడతపడి కాలిని జారనిస్తాయి.

లేసు కట్టే తీరు చూడాల్సిందే. కాలు తొడిగాక మడమను రెండుసార్లు నేలకు తట్టించి వెనక్కి కూర్చోబెట్టాడు. వేళ్ల దగ్గర లేసు వదులుగా ఉంచి, పాదం వంపు దగ్గర్నుంచి చీలమండ దాకా ఒక్కో అడ్డు లేసు కింద వేలు పెట్టి లాగి బిగించాడు. పైన కొక్కేల దగ్గర మళ్లీ కాస్త సడలించాడు, లేకపోతే మోకాలు వంగదు. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు భాగాన్ని అలా తాకాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి. మడమ అసలు లేవకూడదు. ఇవన్నీ సరిచూసి, రబ్బరు మ్యాట్ మీద కాసేపు నడిపించి, లేసు మరోసారి బిగించి పంపాడు. కాసేపటికే అది గోడ వదిలేసింది.

నొప్పి ఎక్కడో చెబితే కారణం చాలావరకు దొరుకుతుందన్నాడు. చీలమండ ముందు వైపు నొప్పి అయితే పైలేసు మరీ బిగిసిందో, బూటు నాలుక (లేసు కింద ఉండే పట్టీ) పక్కకు జరిగిందో చూడాలి. వేళ్లు మొద్దుబారితే బూటు చిన్నది, లేదా కింద లేసు బిగువు. అరికాలు పీకేస్తుంటే, వదులు బూట్లో పట్టు కోసం వేళ్లు ముడుస్తున్నారన్నమాట.

తిరుగు ప్రయాణానికి ముందు సొంత జత కొందామని ఒక స్పోర్ట్స్ షాపుకి కూడా వెళ్లాం. మనం చెప్పే సైజు యూకే లెక్క, విదేశీ స్కేట్ల మీద చాలాసార్లు యూఎస్ నంబరుంటుంది. ఐస్ మీద విన్యాసాలు చేసే ఫిగర్ స్కేట్లకు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, ఐస్ హాకీ ఆడే స్కేట్లయితే మామూలు బూటు యూఎస్ నంబరు కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువే పడతాయి. అందుకే సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నిలబడి రెండు పాదాలూ మిల్లీమీటర్లలో కొలుచుకుని వెళ్లండి. పొడవుతో పాటు వెడల్పూ చెప్పండి. ఖరీదైన బూట్లను వేడి చేసి కాలికి అచ్చు పడేలా చేస్తారు, ఎముక గుచ్చుకునే చోట లోపలి నుంచి సాగదీస్తారు. మేం వెళ్లిన షాపులో ఆ సదుపాయం లేదు, బ్లేడు పదును పెట్టే మిషనూ లేదు. పైగా "పిల్ల పెరుగుతుంది కదా, రెండు సైజులు పెద్దది తీసుకోండి" అన్నారు. స్కూలు బూట్లకు నడుస్తుందేమో గానీ దీనికి ఆ లెక్క పనికిరాదు, అర సైజుకు మించితే చీలమండకు పట్టుండదు. కొనకుండానే వచ్చేశాం. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవాళ్లకు అద్దెవే మేలని ఇప్పటికీ నా ఉద్దేశం.

అద్దెకు తీసుకునేటప్పుడు బ్లేడు కూడా చూడండి. తుప్పు మచ్చలుంటే, అంచు మీద గోరు అడ్డంగా గీస్తే కాస్తయినా గీరుకోకపోతే, వేరే జత అడగండి. శని, ఆదివారాలు సాయంత్రమయ్యేసరికి పిల్లల సైజులు ముందుగా అయిపోతాయి, మిగిలినవే అంటగడతారు. వీలైతే వారం మధ్యలో, మొదటి సెషన్‌కి, అరగంట ముందే చేరుకోండి. గ్లౌజులు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడివి తడిసి ఉంటాయి.