11 ఏళ్ళుగా వింటున్న ‘పర్పెచ్యువల్ బర్న్’

ఇది అమెరికన్ గిటారిస్ట్ జేసన్ బెకర్ చేసిన మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం) ఆల్బమ్. అతను ఎంత స్పీడుగా వాయించేవాడో గిటార్ పట్టుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ సంగతి వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది నాలుగో ట్రాక్ ‘ఎయిర్’ గురించి.

మొదటి మూడేళ్ళు దాన్ని దాటేసేవాణ్ణి. గరగర లేని క్లీన్ టోన్‌లో మెత్తగా మొదలవుతుంది కదా, మెటల్ ఎక్కడ అనిపించేది. నా ధ్యాసంతా మొదటి ట్రాక్ ‘ఆల్టిట్యూడ్స్’లోని స్వీప్ ఆర్పెజియోల మీదే, అంటే తీగల మీదుగా ఒకే ఊపున పిక్ లాగుతూ స్వరాలు ఒక్కొక్కటిగా పలికించడం. తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని రోజుకి మూడు గంటలు అవే వాయించి, చివరికి ఎడమ మణికట్టు వాచింది. ఆరు వారాలు గిటార్ ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. వాయించే వీల్లేక కుదురుగా వినడం మొదలుపెట్టాను.

అప్పుడు దొరికింది ‘ఎయిర్’. ఒక గిటార్ వరస నడుస్తుంటే, దాని కింద ఇంకోటి తన దారిన తను పోతుంటుంది. ఒకటి పాట, ఒకటి తోడు అన్నట్టు ఉండదు. పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతంలో వినపడే పద్ధతే. చేయి నయమయ్యాక ఒక వరస ఫోన్‌లో రికార్డు చేసుకుని, దాని మీద రెండోది వాయించబోయాను. వేళ్ళు రెండోదాని మీదున్నా చెవి మొదటిదాని వెంట పోయేది. నాలుగో బార్‌కల్లా (బార్ అంటే ఒక తాళావర్తం లాంటిది) రెండూ ఒకటే వాయించేస్తున్నాను! ఎనిమిది బార్లు తప్పు లేకుండా రావడానికి నెల పట్టింది. 1988లో, 19 ఏళ్ళు నిండీ నిండని కుర్రాడు దీన్ని ఎలా ఊహించాడో నాకిప్పటికీ అంతుపట్టదు.

మొత్తం ఆల్బమ్ ఏకబిగిన వినమని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. డ్రమ్స్ మీద ఆ కాలపు రీవర్బ్ (ప్రతిధ్వని) ఎక్కువ, బేస్ పల్చన. చివరి రెండు ట్రాక్‌లకి వచ్చేసరికి నా చెవులు అలిసిపోతాయి.

ఈ ఆల్బమ్ వచ్చిన కొద్దికాలానికే బెకర్‌కి ఏఎల్ఎస్ అనే, కండరాల్ని చచ్చుబడేసే నరాల జబ్బు వచ్చింది. చేతులు కదలవు. తండ్రి తయారుచేసిన అక్షరాల పద్ధతిలో కళ్ళతోనే మాట్లాడతాడు, సంగీతం కూడా అలాగే రాస్తాడు. అది తెలిశాక నేను వినే తీరు మారిపోయింది, కాబట్టి నా మెచ్చుకోలు కాస్త తగ్గించుకునే తీసుకోండి. గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళయితే తప్పకుండా వినాలి. ఊరికే వినడానికైతే ముందు ‘ఎయిర్’ ఒక్కటి పెట్టి చూడండి, నచ్చితే మిగతావి. నేనైతే పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్‌లో అదొక్కటే వింటున్నాను. తొమ్మిదో బార్ ఇంకా కుదరలేదు.