మాట్లాడేవారి మెడలో మైకు: వినికిడి యంత్రానికి తోడుగా వచ్చే వైర్‌లెస్ మైకుపై సమీక్ష

వినికిడి యంత్రం పెట్టుకున్న మనిషికి ఇక అన్నీ వినబడతాయని చాలామంది అనుకుంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు అది చాలావరకు నిజమే. అయితే అదే మనిషి నాలుగడుగులు వెనక్కి జరిగినా, ఫ్యాను జోరుగా తిరుగుతున్నా, పక్కన మరో ఇద్దరు మాట్లాడుకుంటున్నా, యంత్రం చెవికి శబ్దాన్ని చేరుస్తుంది గాని మాటను చేర్చలేదు. ఆ లోటు పూడ్చడానికి తయారైనదే, మాట్లాడేవారు మెడలో వేసుకునే లేదా చొక్కాకు తగిలించుకునే చిన్న వైర్‌లెస్ మైకు. ఒకప్పుడు బధిర పిల్లల తరగతి గదుల్లో ఎఫ్‌ఎం తరంగాలతో పనిచేసిన పరికరాల స్థానంలోకి ఇది వచ్చింది. ఇప్పటివి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ తరంగాల మీద పనిచేస్తూ, మాటను నేరుగా చెవిలోని యంత్రానికి పంపుతాయి. రెండు చెవులకూ యంత్రాలు వాడే నేను ఇటువంటి మైకును ఆఫీసులోనూ ఇంట్లోనూ చాలాకాలంగా వాడుతున్నాను.

దీని విలువ తెలియాలంటే వినికిడి లోపం ఎటువంటిదో కొంత చెప్పుకోవాలి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు దెబ్బతిన్నప్పుడు శబ్దం జోరుతో పాటు స్పష్టత కూడా పోతుంది. మనిషిలో ఆ కణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటే, స, శ, చ వంటి హల్లుల ఆనవాళ్లు హెచ్చు పౌనఃపున్యాల్లో, అదీ చాలా తక్కువ శక్తితో ఉంటాయి. చాలామందిలో ముందుగా దెబ్బతినేది ఆ పై భాగమే కనుక, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని ఏమంటున్నారో తెలియదు. అరిచి చెప్పినా పెద్దగా ప్రయోజనం ఉండదు. అరుపులో ప్రధానంగా పెరిగేది అచ్చుల జోరే, పైగా నోరు సాగిపోయి పెదవుల కదలికను చదివే వీలు కూడా పోతుంది. ఆ చదవడానికీ హద్దులున్నాయి. పాట, బాట, మాట అన్న మూడు మాటలకూ పెదవులు ఒకే విధంగా కదులుతాయి, క, గ లు పలికేటప్పుడు బయటికి కనబడేది దాదాపు ఏమీ ఉండదు. వినబడని ముక్కలన్నిటినీ సందర్భాన్ని బట్టి మనసులోనే పూరించుకుంటూ, ఆ పూరించుకోవడం పూర్తయ్యేలోగా వచ్చిపడే తర్వాతి వాక్యాన్ని అందుకుంటూ రోజంతా గడపడంలో ఉండే అలసట, మామూలుగా వినగలిగినవారికి ఊహకు కూడా అందదు.

ఈ పరికరం ఆ కష్టంలో ఒక భాగాన్ని, అంటే దూరాన్ని, తీసివేస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట బలం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. నోటికి 20 సెంటీమీటర్ల దగ్గర ఉన్న మాట 3.2 మీటర్ల దూరం వచ్చేసరికి నాలుగుసార్లు రెట్టింపు దూరం దాటినట్టు, అంటే 24 డెసిబెల్‌లు కోల్పోయినట్టు. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల నష్టం అంత ఉండకపోవచ్చు గాని, ఆ ప్రతిధ్వనే మాటను చెరిపి మసకబారుస్తుంది. దూరంతో మాట తగ్గుతుందే తప్ప, వినేవారి చుట్టూ ఉన్న రొద తగ్గదు. చెవి దగ్గర ఎంత తెలివైన యంత్రం ఉన్నా, అక్కడికి చేరేలోపే రొదలో కలిసిపోయిన మాటను పూర్తిగా విడదీయలేదు. మైకు ఛాతీ మీద ఉంటే, ఆ 20 సెంటీమీటర్ల దగ్గరి మాటే గది అవతల కూర్చున్న నా చెవికి అందుతుంది. మొదటిసారి దీనితో మీటింగులో కూర్చున్నప్పుడు, మేనేజరు బోర్డు వైపు తిరిగి, నాకు వీపు చూపిస్తూ చెప్పిన వాక్యం చివరి అక్షరం దాకా వినబడింది. పెదవులు కనబడకుండా ఒక పూర్తి వాక్యం అర్థం కావడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. తల ఎత్తకుండా నోట్సు రాసుకోగలగడం దాని వల్ల నాకు కలిగిన మరో మేలు.

అయితే దీన్ని పనిచేయించేది నేను కాదు. యంత్రాలు పెట్టుకోవడం, ముందు వరుసలో కూర్చోవడం, పెదవులు చూడడం, మళ్లీ చెప్పమని అడగడం వంటి శ్రమంతా ఇంతకాలం వినబడని మనిషి మీదే పడుతూ వచ్చింది. ఈ మైకు ఆ శ్రమలో చిన్న వాటాను మాట్లాడేవారికి పంచుతుంది కనుక, దాని జయాపజయాలు ఎక్కువగా వారి చేతిలోనే ఉంటాయి. “నేను గట్టిగానే మాట్లాడతాను కదండీ, ఇదెందుకు?” అని చేతిలోకి తీసుకున్న మైకును బల్ల మీద పెట్టేసినవారు నాకు ఎదురయ్యారు. బల్ల మీద పడుకోబెడితే అన్ని వైపుల నుంచీ వినే పద్ధతికి మారే మైకులు ఉన్నాయి, నాది కూడా అటువంటిదే, కానీ అలా పెట్టగానే దాని ప్రయోజనం సగం పోతుంది. కాగితాల రెపరెపలు, టేబుల్ మీద వేళ్ల చప్పుడు మాటను మింగేస్తాయి. మరోవైపు, మైకు ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలన్న నియమం మా బృందంలో మెల్లగా అలవాటైంది. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడడం దానివల్ల తగ్గింది, బాగా వినబడేవారు కూడా ఆ మార్పు మంచిదేనన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. మెడలోని గొలుసు గాని, కాలరు గాని మైకుకు తగిలితే ఆ గీకుడు చెవిలో కర్కశంగా మోగుతుంది. మైకు వేసుకున్న సంగతి మరచి బయటికి వెళ్లిన మనిషి ఫోన్లో మాట్లాడే సొంత మాటలు నాకు వినబడతాయి. అది వారి ఆంతరంగిక విషయంలోకి చొరబడడమే కనుక, వెంటనే నా యంత్రంలో ఆ ప్రసారాన్ని ఆపేస్తాను, మైకు ఇచ్చేటప్పుడే మ్యూట్ బటన్ ఎక్కడుందో చూపిస్తాను. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మైకు పనిచేస్తున్నంతసేపూ యంత్రంలోని సొంత మైకుల జోరు తగ్గిపోయేలా కంపెనీ సెట్టింగు ఉండవచ్చు. అలా ఉంటే వక్త మాట స్పష్టంగా వినబడుతుంది గాని, పక్క కుర్చీలోని వ్యక్తి మెల్లగా పిలిచినా, వెనుక నుంచి ఎవరైనా వచ్చినా తెలియదు. ఈ రెండు మైకుల జోరు నిష్పత్తిని ఆడియాలజిస్టు, అంటే వినికిడిని పరీక్షించి యంత్రాన్ని అమర్చే నిపుణులు, సరిచేయగలరు, కాబట్టి ఆ పని చేయించుకోకుండా పరికరాన్ని తిట్టుకోవడం సరికాదు. ఛార్జింగ్ రోజువారీ పనికి సరిపోతుంది.

నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడుకునే కబుర్లలో ఇది పెద్దగా పనికిరాదు, అక్కడ ఫోన్లో మాటను అక్షరాలుగా చూపే యాప్ కొంత మేలు. సైగల భాషే తమ భాషగా బతికే బధిరులకు ఈ పరికరం ప్రత్యామ్నాయం కానే కాదు; వారికి కావలసింది అనువాదకులు, సైగలు నేర్చుకున్న తోటివారు. సభామందిరాలు, రైల్వే స్టేషన్లు వంటి చోట్ల ఒక్కొక్కరూ మైకు పట్టుకుని వక్త దగ్గరికి వెళ్లే అవసరమే ఉండకూడదు. వినికిడి సహాయం అవసరమైనవారు ప్రపంచంలో సుమారు 43 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెబుతోంది. టెలికాయిల్ (అయస్కాంత సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్న యంత్రాలకు మాటను నేరుగా పంపే ఇండక్షన్ లూపులు (గది చుట్టూ అమర్చే తీగ వలయాలు) దశాబ్దాలుగా ఉన్నాయి, 2022లో ప్రకటించిన ఆరాకాస్ట్ అనే బ్లూటూత్ ప్రసార పద్ధతి అదే పనిని ఇంకా సులువు చేస్తుంది. భవనం కట్టేవారు వీటిని లైట్లతో, ఫ్యాన్లతో సమానంగా అమర్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కొనదలచినవారు ముందుగా మైకు తమ యంత్రంతో కలుస్తుందో లేదో కనుక్కోవాలి, ఎందుకంటే ఒక కంపెనీ మైకు మరో కంపెనీ యంత్రంతో కలవకపోవచ్చు. ట్రయల్‌కు ఇస్తారేమో అడిగి, ఆడియాలజిస్టు గదిలోని నిశ్శబ్దంలో కాకుండా, తమకు నిజంగా వినబడని చోటే పరీక్షించుకోవాలి. ఆ ట్రయల్‌కు వెళ్లేటప్పుడు, రోజూ ఎవరితో ఎక్కువ మాట్లాడతారో వారిని కూడా వెంట తీసుకువెళ్లడం మంచిది. మైకు ఎక్కడ తగిలించుకోవాలో, మ్యూట్ ఎప్పుడు నొక్కాలో నేర్చుకోవలసింది వారే.