1969 మస్టాంగ్‌లో ఫోర్డ్ 7.3 గాడ్జిల్లా: నాలుగు వేల మైళ్ల తరువాత

వెనక నుంచి గట్టి దెబ్బ తిన్న 2020 ఫోర్డ్ ఎఫ్-250 ట్రక్కులోంచి ఈ 7.3 లీటర్ల వీ8 ఇంజన్ తీయించాను. అప్పటికి 31 వేల మైళ్లు తిరిగి ఉంది. ముందున్న రేడియేటర్ కూడా చెక్కుచెదరలేదు కాబట్టి ధైర్యం చేశాను. ఇంజన్, దాని మీది సామాను అంతా కలిపి 5,800 డాలర్లు. ఇప్పుడు నా కారు ఈ ఇంజన్‌తో నాలుగు వేల మైళ్లు పూర్తి చేసింది. ఇంజన్ బలం గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. దాన్ని పాత కారులో కూర్చోబెట్టడానికి చుట్టూ ఎంత పని ఉంటుందో చెప్పినవాళ్లు మాత్రం దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది 1969 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్, వెనక కప్పు ఏటవాలుగా దిగే రకం. చాసిస్ నంబరులో ఎఫ్ అక్షరం ఉంది, అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలో పుట్టింది. ఈ 7.3 ఇంజన్లు తయారయ్యేది డెట్రాయిట్ నది దాటితే వచ్చే విండ్సర్‌లో. యాభై ఏళ్ల తేడాతో నదికి ఇటొకటి, అటొకటి పుట్టి నా గ్యారేజీలో కలుసుకున్నాయి. మిషిగన్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్న నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగానే ఉంటుంది.

కారులో మొదట ఉన్నది 302 ఘనపు అంగుళాల చిన్న వీ8, కాగితం మీద 220 హార్స్‌పవర్. ఆ అంకెను ఈనాటి అంకెల పక్కన పెట్టి పోల్చకండి. 1970ల ఆరంభం దాకా అమెరికా కంపెనీలు ఇంజన్‌ను విడిగా స్టాండు మీద పెట్టి, కారులో దాని మీద పడే భారాలేవీ లేకుండా కొలిచి ఆ లెక్కే ప్రకటించేవి. 1972 మోడళ్ల నుంచి ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ వంటివన్నీ బిగించి కొలిచిన లెక్క ఇస్తున్నారు. గాడ్జిల్లాకు, అంటే ఈ 7.3 ఇంజన్‌కు, రాసిన 430 హార్స్‌పవర్ ఈ కొత్త లెక్క. రెంటికీ మధ్య ఉన్న అసలు దూరం కాగితం మీద కనిపించేదానికంటే చాలా ఎక్కువ.

గాడ్జిల్లా అన్నది ముద్దుపేరు. 445 ఘనపు అంగుళాల ఈ ఇంజన్ ఎఫ్-250 వంటి 2020 సూపర్ డ్యూటీ ట్రక్కులలో 6.8 లీటర్ల వీ10 స్థానంలో వచ్చింది. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్లు, ఫోర్జ్ చేసిన ఉక్కు క్రాంక్‌షాఫ్ట్. 4,000 ఆర్‌పీఎం దగ్గర 475 పౌండ్-అడుగుల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. నన్ను ఒప్పించింది మాత్రం ఈ అంకెలు కాదు, వాల్వులను తెరిచి మూయించే క్యామ్‌షాఫ్ట్ దానికి ఒకే ఒక్కటి ఉండడం. అది పాతకాలం పద్ధతిలో బ్లాకు లోపలే ఉంది, వాల్వులను పుష్‌రాడ్లనే పొడవాటి కడ్డీలతో కదిలిస్తుంది. ఇలాంటి మార్పిడికి అందరూ పెట్టే ఫోర్డ్ 5.0 లీటర్ల కొయోట్ ఇంజన్‌లో నాలుగు క్యామ్‌షాఫ్టులు హెడ్ల మీద కూర్చుంటాయి. అందువల్ల అది పరిమాణంలో చిన్నదైనా పైభాగం బాగా వెడల్పు. పాత మస్టాంగ్‌లో ముందు స్ప్రింగులను మోసే షాక్ టవర్లు రెండు వైపుల నుంచీ ఇంజన్ గదిలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. అక్కడ ప్రతి అంగుళమూ విలువైనదే.

అయినా నేను టవర్లు కోయవలసి వచ్చింది. ఇంజన్ పడుతుంది కానీ ఎగ్జాస్ట్ గొట్టాలకు, స్టీరింగ్ షాఫ్ట్‌కు మధ్య వేలు కూడా దూరలేదు. టవర్లు తీసేసి, కాయిలోవర్ షాకులున్న (స్ప్రింగు షాక్ చుట్టూనే ఉండే) కొత్త ముందు సస్పెన్షన్ వేశాను. నా కారు అప్పటికే తుప్పు పట్టి, రెండుసార్లు రంగు మారిన సాధారణమైన 302 కారు. అందుకే కోతకు మనసు ఒప్పుకుంది. ఆనాటి బలమైన కోబ్రా జెట్ ఇంజన్‌తో వచ్చిన కారు మీ దగ్గర ఉంటే దయచేసి రంపం పట్టుకోకండి. అటువంటి కార్లు మళ్లీ పుట్టవు.

తరువాత వచ్చిన చిక్కులన్నీ ఇది ట్రక్కు ఇంజన్ కావడం వల్లనే. ట్రక్కులో ఎత్తు సమస్య కాదు, అందుకే ఇంజన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నిటారుగా లేచి ఉంటుంది. బానెట్ దించితే ముందు అంచు దగ్గర రెండు అంగుళాల సందు మిగిలింది. మధ్యభాగం ఎత్తుగా ఉన్న ఫైబర్‌గ్లాస్ బానెట్ వేసి సరిపెట్టాను. ట్రక్కు ఆయిల్ పాన్ నా కారు ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ మీద కూర్చోలేదు, ఈ మార్పిడి కోసమే చేసిన వేరే పాన్ కొన్నాను. ఇంజన్ మౌంట్ల కిట్ మరీ విసిగించింది. ఒక చిన్న తయారీదారు దగ్గర తెప్పిస్తే, కుడివైపు రంధ్రం మూడు ఎనిమిదో వంతుల అంగుళం పక్కకు ఉంది. తప్పు ఒప్పుకుని మార్చి పంపడానికి వాళ్లకు అయిదు వారాలు పట్టింది. వేసవి సగం క్రేన్ గొలుసుకు వేలాడే ఇంజన్‌ను చూస్తూనే గడిచిపోయింది.

వైరింగ్ దగ్గర నా సలహా ఒక్కటే. ట్రక్కు కంప్యూటర్‌ను అలాగే వాడుకుందామని ప్రయత్నించకండి. దొంగతనం అడ్డుకునే తాళం నుంచి గేర్‌బాక్స్ దాకా అది మొత్తం ట్రక్కును వెతుక్కుంటుంది. మూడు వారాంతాలు దాని వెంట పడి, చివరికి ఫోర్డ్ వారి విడిభాగాల విభాగమైన ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ వాళ్లు ఈ ఇంజన్ కోసమే అమ్మే కంట్రోల్ ప్యాక్ కొన్నాను. కంప్యూటర్, వైర్ల కట్ట, ఎలక్ట్రానిక్ పెడల్, ఆక్సిజన్ సెన్సార్లు అందులోనే వస్తాయి. అది బిగించిన రోజు తాళం తిప్పగానే రెండో చుట్టులో ఇంజన్ అందుకుంది. నాతోపాటు ప్రతి శనివారం చెయ్యి వేసిన కుర్రవాడు "అన్నా, ఇది ఆగకుండా తిరుగుతోంది!" అని అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

పెట్రోలు ట్యాంకు, దాని లోపలి పంపు, రేడియేటర్ మార్చాలి, వాటిలో తంటా లేదు. వెనక యాక్సిల్ మాత్రం మరిచిపోకండి. 302 కార్లకు వచ్చిన ఎనిమిది అంగుళాల యాక్సిల్ ఈ టార్క్‌ను ఎక్కువకాలం మోయదు, తొమ్మిది అంగుళాలది వేయాలి. గేర్‌బాక్స్‌గా ట్రెమెక్ టీకేఎక్స్ అయిదు గేర్లది పెట్టాను. మొత్తం ఖర్చు 26,400 డాలర్లు. అందులో ఇంజన్ వాటా నాలుగో వంతు కూడా లేదు. పొగ పరీక్షల భయం మిషిగన్‌లో లేదు. కాలిఫోర్నియాలో కూడా 1975, అంతకు ముందు మోడళ్లకు మినహాయింపు ఉంది.

ఇక నడక. ఇది కేకలు వేసే ఇంజన్ కాదు. నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర పెడల్ మీద పాదం కాస్త బరువు వేస్తే చాలు, గేరు మార్చకుండానే కారు నిండుగా, తొణక్కుండా ముందుకు సాగుతుంది. పాత 302 తో హైవే మీదికి ఎక్కే దారిలో లారీలను చూసి లెక్కలు వేసుకునేవాణ్ని, ఇప్పుడు ఆ ఆలోచనే రాదు. ఏడు వేల ఆర్‌పీఎం దాకా లాగి ఆ శబ్దం వినాలనుకునేవాళ్లు కొయోట్ తీసుకోవడమే మంచిది. ఇది 5,500 దాటాక ఇచ్చేది ఏమీ లేదు. మలుపుల్లో ఇనుప బ్లాకు బరువు చేతికి తెలుస్తుంది. ముందు స్ప్రింగులు ఒకసారి మార్చాక కూడా పూర్తిగా పోలేదు.

ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర పాత కార్లు ఊరేగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ రోజు ఎండలో, అడుగు తీసి అడుగు వేసే వరుసలో రెండు గంటలున్నాను. వేడి ముల్లు సగం దాటలేదు, ఐడిల్ ఒక్కసారీ తడబడలేదు. దీనికి పోయించేది మామూలు 87 ఆక్టేన్ పెట్రోలే. దారి పక్కన మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, బానెట్ ఎత్తమని సైగ చేశాడు. ఎత్తాను. చాలాసేపు చూసి, పాత ఇంజన్ ఏం చేశావని అడిగాడు. నూనె పట్టించి, మందపాటి కవరు కప్పి గ్యారేజీ మూలన స్టాండు మీద ఉంచానని చెప్పాను. అమ్మవద్దు అన్నాడు. అమ్మను.